ధరల బోర్డు స్టైలింగ్: ఏది ప్రాప్‌తో చేయాలె, ఏది థీమ్‌తో చేయాలె?

హన్మకొండ_ఫ్రంటెండ్

అందరికీ నమస్తే. ఎనుమాముల మార్కెట్ యార్డులోని ఒక అడ్తి (కమిషన్) దుకాణం కోసం రోజువారీ ధరల బోర్డు తయారు చేస్తున్న. రియాక్ట్ (పేజీని కాంపొనెంట్లనే ముక్కలుగా కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ), స్టైల్డ్ కాంపొనెంట్స్ (ఆ ముక్కల స్టైల్‌ను జావాస్క్రిప్ట్‌లనే రాసే లైబ్రరీ) 6వ వెర్షన్ వాడుతున్న. పేజీ అంతా ఒక్క ధర కార్డు మీదనే నడుస్తది: సరుకు, రకం (మిర్చి అయితే తేజ, వండర్ హాట్, చపాటా), క్వింటాలుకు కనిష్ఠ ధర, గరిష్ఠ ధర, జెండా పాట (యార్డు వేలం) ధర, వచ్చిన బస్తాలు, నిన్నటి మీద పెరిగిందా తగ్గిందా. మిర్చి విభాగం ఎర్ర ఛాయల, పసుపు విభాగం పసుపు ఛాయల, పత్తి విభాగం తెలుపు-బూడిద ఛాయల ఉండాలని దుకాణం వాళ్ల కోరిక. పగటి రూపం, రాత్రి రూపం రెండూ కావాలె.

కార్డుకు ఐదు ప్రాప్స్ (కాంపొనెంట్‌కు బయటి నుంచి పంపే విలువలు) ఇస్తున్న: రైజింగ్, ఫాలింగ్, బిగ్, కలర్, విడ్త్. మొదటి మూడు ట్రూ లేదా ఫాల్స్. కలర్‌కు నేరుగా ఆర్‌జీబీ విలువ. విడ్త్ అంటే బస్తాల రాకడ చూపే పట్టీ వెడల్పు, శాతంల. పేజీ మొత్తానికి ఒక థీమ్ ప్రొవైడర్ (రంగులు, కొలతలు రాసిన థీమ్‌ను లోపలి కాంపొనెంట్లన్నిటికీ అందించేది) ఉన్నది, మిర్చి విభాగం చుట్టూ ఇంకొకటి పెట్టిన.

ఇప్పుడు వస్తున్న ఇబ్బందులు. నాన్-బూలియన్ అట్రిబ్యూట్‌కు ట్రూ వచ్చిందని కన్సోల్ నిండా వార్నింగులు. మిర్చి విభాగంలోకి పోంగనే కార్డు అంచు మాయమైతున్నది, అక్షరాల రంగు కూడా మారుతున్నది. పట్టీ కాంపొనెంట్‌కు 200 క్లాసులు దాటినయని ఇంకో వార్నింగ్. సెర్చ్ పెట్టెల ఒక్క అక్షరం కొట్టంగనే కర్సర్ పోతున్నది. రాత్రి రూపం ఎంచుకొని పేజీ మళ్ల తెరిస్తే ముందుగాల తెల్లగ మెరిసి, తర్వాత నల్లగైతున్నది. ఇవి కాక, బటన్లల్ల తెలుగు ఒత్తులు కింద తెగిపోతున్నయి.

ఒక్కొక్కటి అతుకులేసి సర్దుడు కన్నా, అసలు ఏది ప్రాప్‌గా ఉండాలె, ఏది థీమ్‌ల ఉండాలె అనేది తేల్చుకోవాలని ఉన్నది.

---

కాజీపేట_జంక్షన్

ముందు ప్రాప్స్ సంగతి చూద్దాం. స్టైల్డ్ కాంపొనెంట్స్ 5వ వెర్షన్ దాకా, హెచ్‌టీఎమ్‌ఎల్‌కు తెలియని ప్రాప్ ఏదైనా డివ్ మీదికి పోకుండా లైబ్రరీయే వడపోసేది. 2023లో వచ్చిన 6వ వెర్షన్‌లో ఆ వడపోత తీసేశారు. మీరిచ్చిన రైజింగ్ నేరుగా డివ్ ట్యాగు మీదికి అట్రిబ్యూట్‌గా పోతోంది, రియాక్ట్ అరుస్తోంది. దీనికి మందు ట్రాన్సియెంట్ ప్రాప్. పేరు ముందు డాలర్ గుర్తు పెడితే ఆ ప్రాప్ స్టైల్ లెక్కకే పనికొస్తుంది, డామ్ (బ్రౌజర్ దగ్గర ఉండే ట్యాగుల చెట్టు) దాకా పోదు. 5.1 నుంచి ఈ సౌకర్యం ఉంది. పాత కోడ్ చాలా ఉండి పేర్లన్నీ ఇప్పుడే మార్చలేమనుకుంటే, పైన స్టైల్‌షీట్ మేనేజర్ పెట్టి, షుడ్-ఫార్వర్డ్-ప్రాప్ అనే ఫంక్షన్‌లో పాత వడపోతను మళ్లీ రాయొచ్చు. కొత్తగా కడుతున్న బోర్డుకు ఆ అవసరం లేదు, డాలర్ గుర్తే పెట్టండి.

వార్నింగ్ రాని వాటిని కూడా చూడండి. కలర్, విడ్త్ అనేవి హెచ్‌టీఎమ్‌ఎల్‌లో ఎప్పటి నుంచో ఉన్న అట్రిబ్యూట్లు కాబట్టి రియాక్ట్ వాటిని చప్పుడు చేయకుండా పోనిస్తుంది. ఇన్‌స్పెక్ట్ చేసి చూస్తే ప్రతి డివ్ మీదా కలర్, విడ్త్ అని రాసి కనబడతాయి. ఇన్‌పుట్ మీద సైజ్ అనే ప్రాప్ వాడితే ఇంకా తిప్పలు: ఆ ట్యాగుకు సైజ్ అంటే ఎన్ని అక్షరాల వెడల్పు అనే అంకె, మీరేమో అక్కడ "పెద్ద" అని పంపుతారు. స్టైల్ కోసం వాడే పేరు ఏదైనా సరే, డాలర్ గుర్తు తప్పనిసరి అనుకోండి.

ఒక్క చోట జాగ్రత్త. వేరే కాంపొనెంట్‌ను చుట్టినప్పుడు, ఉదాహరణకు రౌటర్ లింక్‌కు స్టైల్ వేసినప్పుడు, డాలర్ ప్రాప్ ఆ లోపలి లింక్‌కు అందదు. లింక్ తన పని కోసం ఆ విలువ చూసుకోవాల్సి ఉంటే, మామూలు పేరుతో కూడా పంపాలి.

ఇక పేర్లు. రైజింగ్, ఫాలింగ్, బిగ్ అని మూడు బూలియన్లు పెడితే 8 కలయికలు వస్తాయి. రైజింగ్, ఫాలింగ్ రెండూ ట్రూ అయితే కార్డు ఏ రంగులో ఉండాలి? ఆ ప్రశ్నే పుట్టకుండా "పోకడ" అని ఒకే ప్రాప్ పెట్టి దానికి మూడే విలువలు ఇవ్వండి: పెరిగింది, తగ్గింది, నిలకడ. "పరిమాణం" ఇంకో ప్రాప్: మామూలు, పెద్ద. కాంపొనెంట్ లోపల టెర్నరీ (ఒక్క లైన్‌లో రాసే ఇఫ్-ఎల్స్) మీద టెర్నరీ పేర్చకుండా, ఒక్కో విలువకు ఏ స్టైల్ అనేది చిన్న ఆబ్జెక్ట్‌లో రాసి, ప్రాప్ విలువతో అందులోంచి తీసుకోండి. టైప్‌స్క్రిప్ట్ ఉంటే ఆ ఆబ్జెక్ట్ కీల నుంచే ప్రాప్ టైప్ తీయొచ్చు. స్పెల్లింగ్ తప్పితే బిల్డ్ దగ్గరే దొరుకుతుంది. టైప్‌స్క్రిప్ట్ లేకపోతే తప్పు కీకి అన్‌డిఫైన్డ్ (విలువ లేదని) వస్తుంది, ఆ స్టైల్ సద్దు లేకుండా మాయమవుతుంది. దీన్ని పట్టుకోవడానికి చాలా సేపు పడుతుంది, అందుకే నిలకడ విలువనే డిఫాల్ట్‌గా పెట్టండి.

బ్రౌజర్‌కు ముందే తెలిసిన స్థితులకు ప్రాప్ అసలే వద్దు. బటన్ ఆగిపోయి ఉందా అనేదానికి డిజేబుల్డ్ సెలెక్టర్ ఉంది. విభాగం తెరిచి ఉందా అనేదానికి ఏరియా-ఎక్స్‌పాండెడ్ అట్రిబ్యూట్ మీదే స్టైల్ రాయొచ్చు. అట్లా రాస్తే కంటికి కనబడేదీ, స్క్రీన్ రీడర్ చదివేదీ ఎప్పుడూ ఒకటే ఉంటాయి.

కర్సర్ పోయేది వేరే కారణం. సెర్చ్ పెట్టె స్టైల్డ్ కాంపొనెంట్‌ను ఇంకో కాంపొనెంట్ ఫంక్షన్ లోపల తయారు చేస్తున్నట్టున్నారు. ప్రతి రెండర్‌కూ (ఆ ఫంక్షన్ మళ్లీ నడిచినప్పుడల్లా) అది కొత్త కాంపొనెంట్ అవుతుంది. రియాక్ట్ పాత ఇన్‌పుట్‌ను పీకేసి కొత్తది పెడుతుంది, ఫోకస్ దాంతోనే పోతుంది. ఆ వాక్యాన్ని ఫైల్ పైభాగానికి, ఫంక్షన్ బయటికి జరపండి. డైనమిక్‌గా సృష్టించారనే వార్నింగ్ కూడా కన్సోల్‌లో ఎక్కడో ఉంటుంది, మిగతా వార్నింగుల కింద కనబడి ఉండదు.

---

మానేరు_తీరం

తమ్మీ, మిర్చి విభాగంల అంచు మాయమైతున్నదంటే అది థీమ్ కలిపే తీరుతోని వచ్చిన సమస్య. లోపలి థీమ్ ప్రొవైడర్‌కు ఆబ్జెక్ట్ ఇస్తే, లైబ్రరీ బయటి థీమ్ మీద దాన్ని పై పొరల మటుకే కలుపుతది. నువ్వు లోపలి థీమ్‌ల "రంగులు" అని రాసి దాంట్ల ముఖ్య రంగు ఒక్కటే పెట్టినవనుకో, బయటి "రంగులు" మొత్తం కొట్టుకపోయి ఆ ఒక్కటే మిగులుతది. అంచు రంగు అన్‌డిఫైన్డ్ అయితది. బ్రౌజర్ ఆ లైన్‌ను పనికిరానిదని వదిలేస్తది, అందుకే ఎర్రర్ కూడా రాదు.

థీమ్ ప్రొవైడర్‌కు ఆబ్జెక్ట్ బదులు ఫంక్షన్ ఇయ్యొచ్చు. ఆ ఫంక్షన్‌కు బయటి థీమ్ అందుతది. దాన్ని మొత్తం స్ప్రెడ్ (మూడు చుక్కలు) తోని పరిచి, అందులోని రంగులను మళ్ల పరిచి, చివరికి ముఖ్య రంగు ఒక్కటి మార్చి తిరిగి పంపు. ఆ ఫంక్షన్‌ను కాంపొనెంట్ బయటనే రాసుకో. లోపల రాస్తే ప్రతి రెండర్‌కు కొత్త ఫంక్షన్, కొత్త థీమ్ ఆబ్జెక్ట్ పుట్టి, కింద ఉన్న కార్డులన్నీ ఊరికెనే మళ్ల రెండర్ అయితయి.

దానికన్నా పెద్ద సంగతి థీమ్‌ల పేర్లు పెట్టే తీరు. థీమ్ రెండు అరలుగా ఉండాలె. మొదటి అరల ఉత్త రంగులు: ఎరుపు 1, ఎరుపు 2, పసుపు 1, బూడిద 1 ఇట్ల. రెండో అరల పనిని బట్టి పేర్లు: పేజీ నేపథ్యం, కార్డు నేపథ్యం, అక్షరం, మసక అక్షరం, అంచు, గుర్తురంగు, గుర్తురంగు మీది అక్షరం. కాంపొనెంట్లు రెండో అరనే ముట్టాలె. కార్డుల "ఎరుపు 1" అని రాసినవంటే రాత్రి రూపం వచ్చిన నాడు ప్రతి ఫైలు తెరవాల్సి వస్తది. కలర్ ప్రాప్‌కు నేరుగా ఆర్‌జీబీ ఇచ్చుడు కూడా గిదే తప్పు. ఆ ప్రాప్ తీసేయ్.

"గుర్తురంగు మీది అక్షరం" ఎందుకు వేరే ఉండాలెనో లెక్క చూడు. మిర్చికి 183, 28, 28 అనే ఎరుపు తీసుకుంటే, దాని మీద తెల్ల అక్షరం కాంట్రాస్ట్ (అక్షరానికి, నేపథ్యానికి మధ్య వెలుగు నిష్పత్తి) సుమారు 6.5. వెబ్ యాక్సెసిబిలిటీ నియమాల ప్రకారం మామూలు సైజు అక్షరాలకు కనీసం 4.5 కావాలె, పెద్ద అక్షరాలకు 3. అంటే మిర్చికి తెలుపు నడుస్తది. అదే తెల్ల అక్షరం 244, 180, 0 అనే పసుపు మీద పెడితే 1.85కు పడిపోతది. ఏప్రిల్ ఎండల యార్డుల నిలబడి ఫోన్ చూసే రైతుకు అక్కడ ఏదో బటన్ ఉన్నదని కూడ తెల్వది. ఆ పసుపు మీద నల్ల అక్షరం పెట్టు, 11 దాటుతది. అందుకే ప్రతి నేపథ్య రంగుతోని దాని మీద రాసే అక్షరం రంగు జంటగా రావాలె. కార్డుల తెలుపు అని గట్టిగ రాసి పెడితే పసుపు విభాగంల దెబ్బ తింటవ్.

రాత్రి రూపానికి అదే ఎరుపు తీసుకపోకు. 18, 18, 18 నలుపు మీద ఆ ఎరుపు అక్షరం కాంట్రాస్ట్ 2.85, పెద్ద అక్షరాలకు కూడ చాలదు. 239, 154, 154 అసొంటి లేత ఎరుపు పెడితే 8 దాటుతది. పగలు ఒక ఎరుపు, రాత్రి ఒక ఎరుపు, పేరు మాత్రం రెండిట్ల "గుర్తురంగు". కాంపొనెంట్‌కు ఏ తేడా తెల్వద్దు.

ఇంకోటి. మిర్చి విభాగం ఎరుపు. ధర తగ్గితే చూపేది కూడ ఎరుపే కదా? చపాటా ధర పెరిగిన నాడు కూడ కార్డు ఎర్రగ కనబడితే చూసేటోళ్లు ధర పడిపోయిందనుకుంటరు. పోకడ రంగులను గుర్తురంగుతోని ముడిపెట్టకు. వాటికి వేరే పేర్లు పెట్టు, విభాగం థీమ్‌ల వాటిని మార్చకు. రంగు ఒక్కదాని మీదనే ఆధారపడకుండ పైకి బాణం, కిందికి బాణం, పక్కన "₹300 పెరిగింది" అని మాట ఉండాలె. ఎరుపు, ఆకుపచ్చ తేడా కనబడని వాళ్లు కూడ ధరలు చూస్తరు.

---

హన్మకొండ_ఫ్రంటెండ్

ఇద్దరికీ శానా థ్యాంక్స్ అన్నా. ఫంక్షన్ ఇచ్చినంక అంచు తిరిగొచ్చింది, డాలర్ గుర్తుతోని వార్నింగులు పోయినయి, కర్సర్ కూడా ఆగింది. ఇప్పుడు మిగిలినయి పట్టీ వెడల్పు, తెల్ల మెరుపు, ఒత్తులు. ఇంకొక్కటి: పేజీల 300 దాకా కార్డులున్నయి. పగలు-రాత్రి మీట నొక్కితే తక్కువ ధర ఫోన్లల్ల కొంచెంసేపు బిగుసుకపోతున్నది. కార్డుకు రియాక్ట్ మెమో (ప్రాప్స్ మారకుంటే మళ్ల రెండర్ కాకుండ ఆపేది) పెట్టినా ఏం తేడా లేదు.

---

రామప్ప_స్టాక్

మెమో పనిచేయకపోవడం సహజం. థీమ్ ప్రొవైడర్ రియాక్ట్ కాంటెక్స్ట్ (ఒక విలువను కింది కాంపొనెంట్లన్నిటికీ నేరుగా అందించే ఏర్పాటు) మీద నడుస్తుంది. కాంటెక్స్ట్ విలువ మారితే దాన్ని వాడుకునే ప్రతి కాంపొనెంట్ రెండర్ అవుతుంది, మధ్యలో మెమో ఉన్నా ఆగదు. ప్రతి స్టైల్డ్ కాంపొనెంట్ థీమ్‌ను చదువుతుంది. ఒక్కో కార్డులో ఎనిమిది, పది స్టైల్డ్ ముక్కలుంటే 300 కార్డులకు 3,000 దాకా ముక్కలు. ఒక్క మీట నొక్కితే అవన్నీ స్టైల్ మళ్లీ లెక్కగట్టి, కొత్త క్లాస్ పేర్లు తగిలించుకుంటాయి.

పేజీ నడుస్తుండగా మారే విలువలను సీఎస్ఎస్ వేరియబుల్స్‌కు (స్టైల్‌షీట్‌లో పేరు పెట్టి ఉంచే విలువలకు) అప్పజెప్పండి. థీమ్ ఆబ్జెక్ట్‌ను పారేయనక్కర్లేదు. థీమ్‌లో అంచు రంగుకు అసలు రంగు విలువ రాయకుండా, వేరియబుల్ విలువను తెచ్చే "వార్" ఫంక్షన్‌లో --అంచు అని రాసిన స్ట్రింగ్ పెట్టండి. అసలు విలువలు గ్లోబల్ స్టైల్‌లో ఉంటాయి: రూట్‌కు (పేజీలో అన్నిటికన్నా పై ట్యాగుకు) పగటి విలువలు, హెచ్‌టీఎమ్‌ఎల్ ట్యాగు మీద డేటా-థీమ్ "రాత్రి" అని ఉన్నప్పుడు రాత్రి విలువలు. కాంపొనెంట్లలో ఒక్క లైను మారదు. మీట నొక్కితే ఆ ఒక్క అట్రిబ్యూట్ మారుతుంది; థీమ్ ఆబ్జెక్ట్ అదే ఉంటుంది కాబట్టి రియాక్ట్‌కు పని లేదు, రంగులు మార్చుకునేది బ్రౌజరే.

ఇట్లా మార్చేటప్పుడు మూడు నాలుగు చోట్ల చెయ్యి కాలుతుంది, ముందే చెప్తాను.

రూట్‌లో --అంచు విలువను --గుర్తురంగు నుంచి తీసుకునేలా రాసి, మిర్చి విభాగం మీద --గుర్తురంగు మార్చితే అంచు కూడా మారుతుందని అనుకుంటాం. మారదు. రూట్ దగ్గరే --అంచు లెక్క తేలిపోయి, తేలిన రంగే కిందికి వారసత్వంగా వస్తుంది. విభాగాన్ని బట్టి మారాల్సిన ప్రతి వేరియబుల్‌నూ ఆ విభాగం సెలెక్టర్‌లో మళ్లీ రాయాలి. ఎక్కువ మంది గంటలు పోగొట్టుకునేది ఇక్కడే.

పాప్-అప్ పెట్టెలు రెండోది. కార్డు నొక్కితే వివరాలు చూపే పెట్టెను పోర్టల్‌తో (కాంపొనెంట్‌ను డామ్‌లో వేరే చోట పెట్టే సౌకర్యంతో) బాడీ కింద పెడుతున్నారనుకుందాం. కాంటెక్స్ట్ అయితే రియాక్ట్ చెట్టు వెంట పోతుంది కాబట్టి పోర్టల్‌లో కూడా మిర్చి థీమ్ అందేది. సీఎస్ఎస్ వేరియబుల్స్ డామ్ చెట్టు వెంట పోతాయి. బాడీ కింద ఉన్న పెట్టెకు మిర్చి విభాగంతో సంబంధం లేదు, అది మామూలు రంగుల్లో తెరుచుకుంటుంది. విభాగం పేరున్న డేటా అట్రిబ్యూట్‌ను ఆ పెట్టె మీద కూడా పెట్టండి.

రంగును జావాస్క్రిప్ట్‌లో ముదురు, లేత చేసే ఫంక్షన్లు మూడోది. పాలిష్డ్ లాంటి లైబ్రరీకి వార్ స్ట్రింగ్ ఇస్తే, అది రంగు కాదని ఎర్రర్ ఇస్తుంది. ఆ పని సీఎస్ఎస్‌లోని కలర్-మిక్స్‌తో చేయండి. 2023 నుంచి ప్రధాన బ్రౌజర్లన్నింటిలో ఉంది. ధరల గ్రాఫ్‌ను కాన్వాస్ మీద గీస్తుంటే అదీ వార్ అర్థం చేసుకోదు. గెట్-కంప్యూటెడ్-స్టైల్‌తో విలువ చదివి ఇవ్వాలి, మీట నొక్కినప్పుడు గ్రాఫ్‌ను మళ్లీ గీయాలి.

మీడియా క్వెరీ (స్క్రీన్ వెడల్పును బట్టి స్టైల్ మార్చే నియమం) షరతుల్లో కూడా వార్ పనిచేయదు. 600 పిక్సెల్స్, 960 పిక్సెల్స్ లాంటి బ్రేక్‌పాయింట్లు థీమ్ ఆబ్జెక్ట్‌లో మామూలు విలువలుగానే ఉండనివ్వండి. నడుస్తుండగా అవి ఎట్లాగూ మారవు.

పట్టీ వెడల్పుకు కూడా ఇదే దారి. 37 శాతానికి ఒక క్లాస్, 38కి ఇంకొకటి, 38.4కు మరొకటి పుడుతున్నాయి కాబట్టే 200 దాటాయి. పుట్టిన క్లాసులు పేజీ మూసేదాకా స్టైల్‌షీట్‌లోనే ఉంటాయి. అంకెల్లో తెగకుండా మారే ఏ విలువనైనా స్టైల్ అట్రిబ్యూట్‌లో --వంతు అని పంపి, పట్టీ స్టైల్‌లో వెడల్పును వార్ --వంతు అని ఒక్కసారే రాయండి. క్లాస్ ఒక్కటే ఉంటుంది. లెక్క పెట్టగలిగినన్ని విలువలుంటే ప్రాప్, అంతు లేకుండా మారేదైతే స్టైల్ అట్రిబ్యూట్‌లో వేరియబుల్. ఈ గీత ఒక్కటి గీసుకుంటే సగం సందేహాలు తీరతాయి.

తెల్ల మెరుపు. రాత్రి రూపం ఎంపికను లోకల్ స్టోరేజ్‌లో (బ్రౌజర్ దాచిపెట్టే చోట) దాచి, యూజ్-ఎఫెక్ట్‌లో (రెండర్ అయ్యాక నడిచే రియాక్ట్ ఫంక్షన్‌లో) చదువుతున్నట్టున్నారు. అది నడిచే లోపే బ్రౌజర్ పేజీ గీసేస్తుంది. హెడ్ భాగంలో, స్టైల్‌షీట్ల కన్నా ముందే, నాలుగు లైన్ల స్క్రిప్ట్‌ను నేరుగా రాయండి. వేరే ఫైల్‌గా వద్దు, డిఫర్ (స్క్రిప్ట్‌ను ఆలస్యంగా నడిపే అట్రిబ్యూట్) వద్దు. లోకల్ స్టోరేజ్‌లో ఎంపిక ఉంటే అది, లేకపోతే ప్రిఫర్స్-కలర్-స్కీమ్ (ఫోన్ సెట్టింగులోని పగలు-రాత్రి ఎంపిక) చూసి, హెచ్‌టీఎమ్‌ఎల్ ట్యాగు మీద డేటా-థీమ్ పెట్టాలి. స్టోరేజ్ ఆపేసిన ఫోన్లలో చదవబోతే ఎర్రర్ వస్తుంది, అందుకని ట్రై-క్యాచ్‌లో ఉంచండి. సర్వర్ రెండరింగ్ (పేజీని సర్వరే తయారుచేసి పంపడం) ఉంటే సర్వర్ పంపిన ట్యాగుకు, ఇప్పుడున్న ట్యాగుకు తేడా ఉందని రియాక్ట్ అంటుంది. హెచ్‌టీఎమ్‌ఎల్ ట్యాగు ఒక్కదానికే సప్రెస్-హైడ్రేషన్-వార్నింగ్ ఇవ్వండి.

రాత్రి విలువలతో పాటు కలర్-స్కీమ్ అనే సీఎస్ఎస్ ప్రాపర్టీని డార్క్ అని పెట్టడం మరచిపోవద్దు. అది లేకపోతే స్క్రోల్ పట్టీలు, తేదీ ఎంచుకునే పెట్టె, సెలెక్ట్ జాబితా తెల్లగానే ఉండిపోతాయి. మీటకు రెండు స్థానాలు చాలవు, మూడు ఉండాలి: పగలు, రాత్రి, ఫోన్ ప్రకారం.

లైబ్రరీ గురించి కూడా తెలిసి ఉండండి. స్టైల్డ్ కాంపొనెంట్స్‌ను 2025లో మెయింటెనెన్స్ దశలో పెట్టినట్టు దాని నిర్వాహకులే ప్రకటించారు. కాంటెక్స్ట్ మీద నడిచే థీమింగ్‌కు రియాక్ట్ సర్వర్ కాంపొనెంట్లలో (సర్వర్ మీదే నడిచే వాటిలో) చోటు లేదు. ఉన్న బోర్డును ఇప్పటికిప్పుడు మార్చాల్సిన పని లేదు. రంగులన్నీ సీఎస్ఎస్ వేరియబుల్స్‌లో, పోకడ లాంటివి డేటా అట్రిబ్యూట్లలో ఉంటే, రేపు సీఎస్ఎస్ మాడ్యూల్స్‌కు (స్టైల్‌ను వేరే సీఎస్ఎస్ ఫైళ్లలో రాసే పద్ధతికి) పోవాలన్నా థీమ్‌ను తాకకుండా పోవచ్చు.

---

హన్మకొండ_ఫ్రంటెండ్

అన్నా, ఒక్క సందేహం. వేరియబుల్ పేరు తప్పు కొడితే ఏమైతది? వార్ ముందు లైన్ల మామూలు రంగు రాసి పెడితే అది కాపాడదా?

---

రామప్ప_స్టాక్

కాపాడదు. వార్ ఉన్న లైన్‌ను బ్రౌజర్ చదివేటప్పుడు సరైనదిగానే ఒప్పుకుంటుంది, పై లైన్‌ను అప్పుడే కొట్టేస్తుంది. విలువ లేదని తర్వాత తెలుస్తుంది, అప్పటికి వెనక్కి పోయే దారి ఉండదు. అక్షరం రంగైతే పై ట్యాగు నుంచి వచ్చిన రంగు వస్తుంది, నేపథ్యమైతే పారదర్శకం అవుతుంది. వార్ లోపలే కామా పెట్టి రెండో విలువ ఇవ్వండి, అది పనిచేస్తుంది. థీమ్ ఆబ్జెక్ట్‌లోని స్ట్రింగుల ద్వారానే వేరియబుల్స్ వాడితే పేరు ఒక్క చోటే ఉంటుంది, తప్పులు తగ్గుతాయి.

---

నిర్మల్_అక్షరం

ఒత్తుల సంగతి ఎవరూ ఎత్తుకోలేదు. ధరల బోర్డు చదివేది తెలుగులో కాబట్టి ఇది రంగుల కన్నా ముందు చూడాల్సింది.

మనం వాడే బటన్ కొలతలు దాదాపు అన్నీ ఇంగ్లిష్ అక్షరాలకు సరిపోయేటట్టు పెట్టినవి: ఎత్తు 36 పిక్సెల్స్, లైన్-హైట్ 1 లేదా 1.2, ఓవర్‌ఫ్లో హిడెన్. తెలుగులో గుడి పైకి పోతుంది, ఒత్తు కిందికి దిగుతుంది. "క్వింటాలుకు" అనే మాటలో క కింద వ ఒత్తు, "స్త్రీ" అనే మాటలో ఒకదాని వెంట ఒకటి రెండు ఒత్తులు. 1.2లో అవి పెట్టె దాటిపోతాయి, ఓవర్‌ఫ్లో హిడెన్ వాటిని కోసేస్తుంది. బటన్‌కు ఎత్తు ఇవ్వవద్దు. కనిష్ఠ ఎత్తు 44 పిక్సెల్స్, పైనా కిందా ప్యాడింగ్ 8 పిక్సెల్స్, లైన్-హైట్ 1.5 పెట్టండి. పేరాలకు 1.7 దాకా పోవచ్చు. లైన్-హైట్‌ను యూనిట్ లేకుండా ఉత్త అంకెగా రాయాలి. పిక్సెల్స్‌లో గానీ ఈఎమ్‌లో గానీ రాస్తే పై ట్యాగు దగ్గర తేలిన కొలతే కిందికి దిగి, పెద్ద అక్షరాల జెండా పాట ధర దగ్గర లైన్లు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి.

పొడుగు పేర్లను ఒక లైన్‌కు కుదించి చుక్కలు పెట్టే చోట ఓవర్‌ఫ్లో హిడెన్ తప్పదు. అక్కడ కింద 3, 4 పిక్సెల్స్ ప్యాడింగ్ ఇస్తే ఒత్తు బతుకుతుంది.

వీటన్నిటినీ థీమ్‌లోని "అక్షరాలు" భాగంలో పెట్టండి: సైజు, లైన్-హైట్, బరువు మూడూ కలిసి ఒక్కో పేరు కింద. "కార్డు శీర్షిక", "ధర అంకె", "చిన్న గుర్తు" లాంటి పేర్లు చాలు. కాంపొనెంట్ ఆ పేరు ఎంచుకుంటుంది. సైజు ఒక ప్రాప్, బరువు ఒక ప్రాప్ అని విడగొడితే ఎవరో ఒకరు 12 పిక్సెల్స్‌కు 800 బరువు జతచేస్తారు, తెలుగు అక్షరాల లోపలి ఖాళీలు పూడిపోయి నల్ల ముద్ద కనబడుతుంది.

బరువు గురించే ఇంకొకటి. నోటో సాన్స్ తెలుగు 400 మాత్రమే దించి, స్టైల్‌లో 700 అడిగితే, బ్రౌజర్ తానే అక్షరాన్ని లావు చేసి చూపిస్తుంది. ఇంగ్లిష్‌లో కొంత నయం, తెలుగులో ఒత్తులు పూసుకుపోతాయి. థీమ్‌లో వాడిన బరువులన్నీ ఫాంట్ ఫైల్‌లో ఉన్నాయో లేదో చూడండి. ఫాంట్ ఫేస్‌లో యూనికోడ్-రేంజ్ (ఆ ఫాంట్ ఏ అక్షరాలకు వాడాలో చెప్పే లైన్) మీరే రాస్తుంటే తెలుగు భాగంతో పాటు జీరో-విడ్త్ నాన్-జాయినర్‌ను (అక్షరాలు కలవకుండా ఆపే, కంటికి కనబడని గుర్తును) కూడా చేర్చాలి. "మార్కెట్‌లో" అనే మాటలో ట్ తర్వాత ఉండేది అదే. అది ఆ ఫాంట్ పరిధిలో లేకపోతే మాట మధ్యలో ఫాంట్ తెగి, అక్షరం ఆకారం మారే ప్రమాదం ఉంది.

చిన్న గుర్తుల మీద అప్పర్‌కేస్, లెటర్-స్పేసింగ్ పెట్టే అలవాటు మానేయండి. తెలుగుకు పెద్దబడి అక్షరాలు లేవు, మొదటిది ఏమీ చేయదు. రెండోది మాటను ముక్కలుగా విడదీసినట్టు కనబడేలా చేస్తుంది. రెండు భాషల్లో బోర్డు ఉంటే, హెచ్‌టీఎమ్‌ఎల్ ట్యాగుకు లాంగ్ అట్రిబ్యూట్ సరిగ్గా పెట్టి, ఆ భాషను బట్టి లెటర్-స్పేసింగ్ వేరియబుల్‌ను మార్చండి. అప్పుడు భాష కోసం కార్డుకు ప్రాప్ పంపనక్కర్లేదు.

అంకెలను ఇంటెల్ నంబర్-ఫార్మాట్‌తో, తెలుగు-ఇండియా లొకేల్ ఇచ్చి రాయండి. 125000 ఇస్తే 1,25,000 అని మన లెక్కలో కామాలు వస్తాయి. కనిష్ఠం, గరిష్ఠం ఒకదాని కింద ఒకటి ఉన్నప్పుడు అంకెలు వరుసలో నిలవాలంటే ఫాంట్-వేరియంట్-న్యూమరిక్‌ను ట్యాబ్యులర్-నమ్స్ అని పెట్టి, కుడి వైపుకు సర్దండి. ఫాంట్‌లో ఆ సౌకర్యం లేకపోతే ఆ లైన్ వల్ల నష్టమేమీ లేదు.

పరీక్షించేటప్పుడు "పత్తి" లాంటి పొట్టి మాటలతో సరిపెట్టుకోవద్దు. బటన్‌లో "కాంటా పూర్తయ్యింది", శీర్షికలో "వ్యవసాయోత్పత్తులు", గుర్తులో "క్వింటాలుకు" పెట్టి, 320 పిక్సెల్స్ వెడల్పులో, ఫోన్ అక్షరాల సైజు 200 శాతానికి పెంచి చూడండి. పగలు, రాత్రి రెండు రూపాల్లో, మూడు విభాగాల్లో, మూడు పోకడల్లో అంటే 18 కార్డులు. వాటన్నిటినీ ఒకే పేజీలో పక్కపక్కన పేర్చి ఉంచుకుంటే థీమ్‌లో ఏ విలువ మార్చినా ఎక్కడ తేడా కొట్టిందో వెంటనే కనబడుతుంది.